వెండితెర కృష్ణునికి తులాభారము

బందరులో నేను తెలుగు బోధించుచున్న రోజులలో ఒకనాటి ఉదయము తరగతిలో అడుగు పెట్టగానే నల్లబల్లమీద ఒక పట్టిక కనబడినది. 1 మొదలు 22 వరకు అంకెలు, వాని ప్రక్కన ఆంగ్ల చలనచిత్రముల పేర్లు. 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలై 2019లో ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ వరకు వచ్చిన మార్వెల్ సంస్థవారి సూపర్‌హీరో చిత్రములను పిల్లలు వరుస పెట్టినారు. మొదటి స్థానము దేనికీయవలెనను విషయమున ఏకాభిప్రాయము కుదరక తరగతి రెండు పక్షములైనది. నన్ను చూచి బల్ల తుడువబోయిన పిల్లవానిని వారించి, “ఏ రాళ్లతో తూచారర్రా?” అని అడిగినాను. ఒకడు వసూళ్లన్నాడు. ఒకడు పోరాటములన్నాడు. మూడవవాడు, “హీరో బలమండీ. ఎవడు ఎక్కువ చేయగలిగితే వాడి సినిమా గొప్పదండీ” అన్నాడు. అంతలో వెనుక బల్లనుండి ఒక కుర్రవాడు లేచి, “మాస్టారూ, మనకు ఇట్లాంటి వరుస లేదాండీ?” అని ప్రశ్నించినాడు.

“లేకేమిరా? మీ తాతగారిని అడుగు” అని చెప్పి, ఆనాటి సంధులను మరునాటికి వాయిదా వేసినాను. ఆ చర్చ మూడు దినములు సాగినది. అందులో తేలినదానిని, తేలనిదానిని కూడ, ఉపాధ్యాయ మిత్రుల యెదుటను విద్యార్థుల యెదుటను ఉంచుచున్నాను.

మన వరుస వారి వరుసకంటె అర్ధశతాబ్దము పెద్దది. వీరుడు శ్రీకృష్ణుడు, నటుడు నందమూరి తారక రామారావు. 1956లో ‘సొంతవూరు’ చిత్రమున ఆయన కొద్దిసేపు కృష్ణుడుగా కనబడినప్పుడు ప్రేక్షకులు మెచ్చుకొనలేదు. మరుసటి సంవత్సరము మార్చి 27వ తేదీన ‘మాయాబజార్’ విడుదలయైనది. అది మొదలు 1979లో వచ్చిన ‘శ్రీమద్విరాటపర్వము’ వరకు, 22 ఏండ్ల కాలములో, పదికి మించిన చిత్రములలో ఆయన కృష్ణ పాత్ర ధరించినాడు. నిర్మాతలు వేరు, దర్శకులు వేరు, రచయితలు వేరు. ఒక చిత్రపు కథ ముగిసినచోట మరియొకటి మొదలు కాలేదు. అయినను ఆ నెమలిపించమును, ఆ చిరునవ్వును చూచినప్పుడెల్ల ప్రేక్షకుడు చిరకాలపు చుట్టము ఇంటికి వచ్చినట్లు సంబరపడినాడు. ఎన్నో ఇండ్లలో గోడమీది కృష్ణుని పటమునకు సయితము ఆ ముఖమే వచ్చినది.

ఈ నేలమీది కృష్ణుడు

ఈ చిత్రములు మదరాసు స్టూడియోలలో తయారైన మాట నిజమే. కాని ఆ కృష్ణునికి వేళ్లు మాత్రము కృష్ణానది సముద్రములో కలియు ఈ దిగువ డెల్టాలోనే యున్నవి. మొవ్వ గ్రామపు వేణుగోపాలుని ‘మువ్వగోపాలుడ’ని పిలిచి పదములు కట్టిన క్షేత్రయ్య పదునేడవ శతాబ్దివాడు. ఆ చేరువనే యున్న కూచిపూడి, సిద్ధేంద్రయోగి భామాకలాపమునకు పుట్టినిల్లు. మొవ్వ కృష్ణుడు ప్రియుడు. కూచిపూడి కృష్ణుడు భార్య అలుకకు తల యొగ్గిన మగడు. ఇక మూడవ కృష్ణుడు రాయబారి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని ఆ కృష్ణుని పద్యములను రాగము తీసి పాడువారు లేని గ్రామము ఒకప్పుడు ఈ సీమలో అరుదు. ఆ జంటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. అచ్చట ఆయనకు శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ. బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథకు శిష్యుడు రామారావు. బందరు బడిలో మొదలైన పాఠము ఈ విధముగా వెండితెరవరకు పోయినది.

మనుష్యులును ఈ నేలవారే. రామారావు 1923లో నిమ్మకూరులో జన్మించినాడు. అక్కినేని నాగేశ్వరరావు 1924లో గుడివాడ ప్రాంతపు రామాపురములో జన్మించినాడు. ‘మాయాబజార్’ రచయిత పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి, ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివి, ‘జేబున్నీసా’, ‘వింధ్యరాణి’ నాటకములు వ్రాసి, ఆ పిమ్మట చిత్రరంగమునకు పోయినవాడు. పౌరాణిక చిత్రములకు పేరుపొందిన దర్శకుడు కమలాకర కామేశ్వరరావుది బందరే. తొలినాళ్లలో ఆయన కృష్ణాపత్రికలో చలనచిత్ర సమీక్షలు వ్రాసినాడు. ‘మాయాబజార్’కు నృత్యములు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి కూచిపూడివాడు. కనుక ఈ చిత్రములకు వరుస కట్టు పని మన బడిపిల్లలకు పరాయి పని కాదు.

తూనికరాయి

సర్వశక్తిమంతుని కథకు ఒక చిక్కు కలదు. అన్నియు చేయగలవానికి ఆపద యేమి? ఆపద లేనిచోట కథ యేమి? చక్రము విడిచినంత మాత్రమున శత్రువు కూలునని ముందే తెలిసిన ప్రేక్షకుడు ఏ ఆతురతతో కూర్చుండును? వ్యాసమహర్షి ఈ చిక్కు నెరిగినవాడు. అందుకే కురుక్షేత్రమున కృష్ణునిచేత ఆయుధము పట్టనని మాట యిప్పించి, గుఱ్ఱముల పగ్గములు చేతికిచ్చినాడు. యుద్ధమంతయు ఆ మాట చుట్టును తిరుగును.

అందుచేత పిల్లలు తెచ్చిన రాయినే నేను తిరుగవేసినాను. “వీరుడు ఎంత చేశాడని కాదర్రా, చేయగలిగి కూడా ఏం చేయకుండా ఆగాడో చూద్దాం” అన్నాను. పిల్లలు కొంత గొణిగినను ఒప్పుకొన్నారు. తమిళ ‘కర్ణన్’ (1964), ‘వీరాభిమన్యు’ (1965), ‘శ్రీకృష్ణవిజయము’ (1971), కె.వి.రెడ్డి కడపటి చిత్రమైన ‘శ్రీకృష్ణసత్య’ (1971) మొదలైనవానిని ప్రక్కన ఉంచి, తరగతిలో ఎక్కువమంది చూచిన ఎనిమిదింటిని తక్కెడ కెక్కించినాము.

వరుస

ఎనిమిదవ స్థానము ‘శ్రీకృష్ణావతారము’ (1967). దర్శకుడు కామేశ్వరరావు. బాలకృష్ణుడుగా రామారావు కుమారుడు హరికృష్ణ తొలిసారి తెర కెక్కినాడు. జననము మొదలు అవతారకథ నంతటిని ఒక్క చిత్రములో నిముడ్చవలెనను సంకల్పము పెద్దది. కాని మహిమ వెంట మహిమ వచ్చుచుండగా ఏ మహిమయు మనసులో నిలువదు. హరికథలో అయితే భాగవతారు నడుమ నడుమ ఆగి ఒక పిట్టకథ చెప్పును. తెరకు ఆ తీరిక లేదు.

ఏడవది ‘దీపావళి’ (1960). సావిత్రి సత్యభామ, ఎస్.వి.రంగారావు నరకాసురుడు. నరకుని కథలో విల్లు సత్యభామది. మగడు వెనుకకు తగ్గి ఇల్లాలిని ముందు నిలిపిన కథ గనుక మన రాతికి కొంత తూగినది.

ఆరవది ‘వినాయక చవితి’ (1957). సముద్రాల రాఘవాచార్య దర్శకత్వము వహించినాడు. శమంతకమణిని అపహరించినాడన్న నింద దేవునిమీద పడినది. విశ్వరూపము చూపి ఊరి నోరు మూయించవచ్చును గదా! అట్లు చేయక, సామాన్య గృహస్థువలె మణిని వెదకుచు అడవికి పోయినాడు. నింద పడినవాడు కోపముతో గాక నిజముతో దానిని పోగొట్టుకొనవలెనను పాఠము బడిపిల్లలకు పనికి వచ్చునది. చిత్రము పాతబడినను ఆ పాఠము పాతబడలేదు.

అయిదవది ‘దానవీరశూరకర్ణ’. 1977 జనవరి 14వ తేదీన విడుదలయైనది. కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడును రామారావే ధరించి, తానే నిర్మించి, తానే దర్శకత్వము వహించినాడు. కొండవీటి వేంకటకవి సంభాషణలు తెలుగునాట కంఠస్థమైనవి. అదే దినమున, బందరువాడైన కామేశ్వరరావు దర్శకత్వములో, శోభన్‌బాబు కృష్ణుడుగా ‘కురుక్షేత్రము’ పోటీగా వచ్చినది. ‘దానవీరశూరకర్ణ’లో మన కృష్ణుని శత్రుపక్షపు కన్నులతో చూతుము. ఆ కన్నులకు ఆయన కుటిలుడు. నమ్మినవారి దేవుని నమ్మనివారి వైపునుండి చూపుటకు ధైర్యము కావలెను. అయితే ఇందులో కథ కర్ణునిది, సభ దుర్యోధనునిది; కృష్ణునికి మిగిలినది కొంచెము. అందుచేత అయిదవ స్థానము.

నాలుగవది ‘శ్రీకృష్ణ పాండవీయము’ (1966). ఇదియు రామారావు దర్శకత్వమే. కృష్ణుడును, దుర్యోధనుడును ఆయనయే. ధూళిపాళ శకుని పాత్రతో చిరకీర్తి పొందినాడు. జరాసంధుని చంపగల శక్తి యుండియు కృష్ణుడు చంపలేదు. ఆకు చీల్చి చూపి, భీమునిచేత ఆ పని చేయించినాడు. తాను చేయుటకంటె ఎదుటివానిచేత చేయించుట కష్టము. ఉపాధ్యాయులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. లెక్క తానే చేసి బల్లమీద వ్రాయుట సులభము, పిల్లవానిచేత చేయించుటయే గదా పాఠము!

మూడవ స్థానము కడ తరగతి రెండుగా చీలినది. ‘శ్రీకృష్ణ తులాభారము’ (1966)నకు రెండవ స్థానమే ఈయవలెనని బాలికలందరు పట్టుపట్టినారు. డి.రామానాయుడు నిర్మించగా కామేశ్వరరావు దర్శకత్వము వహించిన చిత్రమిది. జమున సత్యభామ, అంజలీదేవి రుక్మిణి, కాంతారావు నారదుడు. రంగస్థలమున స్థానం నరసింహారావు సత్యభామగా ఆంధ్రదేశమును ఉఱ్ఱూత లూగించిన నాటకమే దీనికి మూలము. మగని తనకొక్కతెకే దక్కించుకొనవలెనన్న ఆశతో సత్య వ్రతము పట్టి, ఆయననే నారదునికి దానమిచ్చినది. దేవుడు దాసుడై ముని వెంట నడచినాడు. ఒక్క మాటతో ఆ బంధము త్రెంచుకొనగలడు. త్రెంచుకొనలేదు. తక్కెడలో సత్య నగలన్నియు పోసినను ముల్లు కదలలేదు. రుక్మిణి వేసిన తులసిదళమునకు తూగినాడు. “మాస్టారూ, చక్రం లేదు, యుద్ధం లేదు, అయినా కళ్లార్పకుండా చూశామండీ” అని ఒక బాలిక వాదించినది. వాదము బలమైనదే. కాని అన్నియు తెలిసినవాడు ఆడిన ఆటలో ఆయనకు పోవునది యేమియు లేదు. రెండవ చిత్రములో ఆయనకు పోవునది కలదు.

ఆ రెండవది ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963). కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి రచయిత, పెండ్యాల నాగేశ్వరరావు సంగీతము. చిలకమర్తి ‘గయోపాఖ్యానము’ నాటకముతో ఊరూర తెలిసిన కథ. ఆకాశమున పోవుచున్న గయుడను గంధర్వుని తాంబూలపు ఉమ్మి, అర్ఘ్యమిచ్చుచున్న కృష్ణుని దోసిలిలో పడినది. వానిని చంపుదునని కృష్ణుడు ప్రతిన పట్టినాడు. ఎవరివలన ఆపదయో తెలియక అర్జునుడు గయునికి అభయమిచ్చినాడు. ఇద్దరును మాట తప్పనివారే. ఇద్దరి మాటలును ఒకదానికొకటి అడ్డు. కోపములో నోరు జారినందుకు దేవుడంతవాడు ప్రాణమిత్రునితో, చెల్లెలి మగనితో యుద్ధమునకు దిగవలసి వచ్చినది. శక్తి యున్నది, దానిని వాడిన తన ఇల్లే కూలును. ఈ వరుసలో కృష్ణుడు నిజముగా చిక్కుపడినది ఇక్కడనే. పైగా అర్జునుడు నాగేశ్వరరావు. నిమ్మకూరు, రామాపురము ఎదురెదురుగా విల్లు పట్టి నిలువగా గుడివాడ ప్రాంతమువారు ఎవరి పక్షము వహింపవలెనో తెలియక ఎంత తికమక పడియుందురో ఊహించుకొనవచ్చును.

మొదటి స్థానమునకు మాత్రము వాదమే లేదు. ‘మాయాబజార్’ను 2010లో రంగులలో మరల విడుదల చేసినారు. 2013లో ఒక జాతీయ వార్తాసంస్థ నిర్వహించిన అభిప్రాయ సేకరణలో ఇది భారతీయ చిత్రములలో అగ్రస్థానము పొందినది. మేము ఆ ఓట్లనుబట్టి గాక మన రాతినిబట్టియే తూచినాము.

శశిరేఖాభిమన్యుల పెండ్లికథ వ్యాసభారతములో లేదు. అది తెలుగువారు కల్పించుకొన్న ముచ్చట. ఇందులో కృష్ణుడు ద్రౌపది మొర విన్నప్పుడు తప్ప దాదాపు ఏమియు చేసినట్లు కనబడడు. అన్నగారు తప్పుచేయుచున్నారని తెలియును, ఎదిరించి మాటాడడు. వదినగారి మాటకు నవ్వి ఊరకుండును. చెల్లెలిని, మేనల్లుని రథమెక్కించి అడవికి పంపును. ఆ అడవిలో ఘటోత్కచుడున్నాడని మనకు తరువాత తెలియును, ఆయనకు ముందే తెలియును. పెండ్లి ఆపుట, విడిది కట్టుట, కౌరవులను నవ్వులపాలు చేయుట—ఇవన్నియు ఘటోత్కచునివి, అతని శిష్యులవి. పేరు ఎస్.వి.రంగారావుకు, నవ్వులు రేలంగికి, కన్నులు సావిత్రికి విడిచి, కృష్ణుడు ఒక ప్రక్కన నిలబడి చూచుచుండును.

‘ప్రియదర్శిని’ ఘట్టమును జ్ఞాపకము చేసికొనుడు. ఆ పేటిక మూత తెరచినవారికి తమకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరామునికి దుర్యోధనుడు కనబడినారు. కృష్ణునికి కనబడినవాడు శకుని! ఆ శకుని పాత్రధారి సి.ఎస్.ఆర్. ఆంజనేయులు 1936లో ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’లో తానే కృష్ణుడుగా నటించినవాడు. నిన్నటి కృష్ణుడు నేటి కృష్ణుని పెట్టెలో శకునియై కనబడుట చూచినప్పుడు, లోకములో పాత్రలు ఎట్లు మారునో పింగళి నవ్వుచు చెప్పినట్లు తోచును. శత్రువు తలపులు ఎల్లప్పుడు మనసులో ఉండుటచేత వాడే మిక్కిలి ప్రియుడన్న పెద్ద వేదాంతము ఒక్క చిరునవ్వులో తేలిపోయినది. శక్తినంతటిని దాచుకొని నవ్వగలుగుటయే ఆ పాత్ర పోషణములోని గొప్ప. తరువాతి కృష్ణులందరు ఆ నవ్వును అప్పు తెచ్చుకొన్నవారే.

దివిసీమ ప్రశ్న

వరుస పూర్తియైనదనుకొన్నాను. మూడవనాడు గంట కొట్టబోవు సమయమున, అంతవరకు నోరు విప్పని ఒక బాలిక లేచినది. వారిది దివిసీమ, నాగాయలంక వైపు. “గోవర్ధనం ఎత్తాడు కదండీ కృష్ణుడు. మరి ఉప్పెన నాడు ఎందుకు ఆగాడండీ? మా నాయనమ్మకు ఆ రాత్రి ఇద్దరు తమ్ముళ్లు పోయారండీ” అన్నది.

తరగతి నిశ్శబ్దమైనది. 1977 నవంబరు 19. సముద్రము లేచి దివిసీమ గ్రామములమీద పడిన దినమది. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. కృష్ణ సముద్రములో కలియు హంసలదీవిలో వేణుగోపాలుని ఆలయము ఉన్నది. దాని చుట్టుప్రక్కల పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. నేను మూడు దినములుగా మెచ్చుకొనుచున్న తూనికరాయి ఆ పిల్ల మాటతో తేలిపోయినది. చేయగలిగియు చేయకుండుట కథకు అందము. బ్రతుకులో, మునుగుచున్నవాని యెదుట, అది అందము కాదు. పండితులు కర్మసిద్ధాంతము చెప్పవచ్చును. తమ్ములను పోగొట్టుకొన్న ముసలమ్మ మనుమరాలికి ఆ సిద్ధాంతము చెప్పుటకు నాకు నోరు రాలేదు. “నాకు తెలియదమ్మా” అన్నాను.

తరువాత నాకు తెలిసినది చెప్పినాను. ఆ సంవత్సరము జనవరిలో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడుగా కనబడిన మనిషియే, ఉప్పెన తరువాత నాగేశ్వరరావుతోను తక్కిన నటులతోను కలిసి బాధితులకొరకు ఊరూర తిరిగి విరాళములు పోగుచేసినాడు. తెరమీద చక్రము పట్టిన చేయి వీథిలో జోలె పట్టినది. ఆయన దేవుడు కాదు. తరువాత 1983లో గుడివాడ ప్రజలు ఓట్లు వేసినదియు దేవునికి కాదు, మనుష్యునికి. మనుష్యుని చేతలను మంచివైన మెచ్చవలెను, కానివైన ప్రశ్నింపవలెను. వేషమునకు మ్రొక్కి మనిషిని ప్రశ్నించుట మానరాదని పిల్లలకు నేర్పుట మన విధి. అయినను ఆ జోలెలో నాణెము వేసిన లక్షలమందికి ఏ మహిమయు లేదు. ఉన్నది కొంచెము, ఆ కొంచెమును ఆపుకొనలేదు.

బాలిక కొంతసేపు ఆలోచించి, “అవునండీ, మా నాయనమ్మకు ఆ నెల బియ్యం, చీర ఇచ్చింది ఎవరో ఊరూ పేరూ తెలియదట. ఇప్పటికీ చెబుతుందండీ” అని కూర్చున్నది.

గంట మ్రోగినది. బల్లమీది పట్టికను ఆ దినము ఎవ్వరును తుడువలేదు. మిత్రులు తమ తరగతులలో ఈ వరుసను వేయించి చూడవలెనని నా మనవి. నా వరుసనే ఒప్పుకొనవలసిన పని లేదు. తులాభారమును రెండవదిగా ఉంచు బాలికలు తప్పక ఉందురు. కాని వరుస అడుగుటకు ముందు తూనికరాయి యేదని అడుగుడు. తెరమీది వీరునికి ఆ రాయి నిగ్రహమైన చాలును. తెర బయట, ఏ మహిమయు లేని మన బోంట్లకు, రుక్మిణి తులసిదళమే రాయి. చేతిలో ఉన్నది ఎంత చిన్నదైనను, వేయవలసినప్పుడు వేసినామా లేదా యనునదే లెక్క.